హద్దురాయి ఫోటో

మా తమ్ముడు యాదగిరి హద్దురాయి పీకి, నా తోటలోకి రెండంగలు జరిపి పాతాడు. మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. వాళ్ళకు చెప్పింది నేనే.

తొంభై తొమ్మిది వానాకాలం అది. మా ఊరు శామీర్‌పేటకూ మేడ్చల్‌కూ నడుమ, తారురోడ్డుకు లోపలగా ఉంటుంది. అప్పటికింకా మా వైపు ద్రాక్ష తోటలు ఉండేవి. నాదీ తమ్ముడిదీ చెరో రెండెకరాల తోట, పక్కపక్కనే. నడుమ ఒక గట్టు, గట్టు మొదట్లో సున్నం పూసిన హద్దురాయి. ఊళ్ళో ఇళ్ళు కూడా అట్లాగే, ఒకే వాకిట్లో రెండు గడపలు. నా భార్య బుచ్చమ్మ అంతకు ముందటి ఏడు కామెర్లతో పోయింది. అప్పటినుంచి నాకూ నా కూతురు తృప్తికీ అన్నం తమ్ముడి పొయ్యి మీదినుంచే వచ్చేది. తమ్ముడి భార్య లక్ష్మీకాంతమ్మ వండిపెట్టేది. తృప్తి అప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున లేస్తూనే జడ వేయించుకోవడానికి అటు వెళ్ళేది, పడుకోవడానికి ఇటు వచ్చేది.

నేను ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. ఫోటోలు తీయడం బళ్ళో నేర్చింది కాదు. అల్వాల్‌లో మిలిటరీ నుంచి రిటైరైన ఒకాయన మా తోటకు పళ్ళ కోసం వచ్చేవాడు. తన పాత కెమెరా, రెండు లెన్సులు, ఒక స్టాండు నాకు అమ్మాడు. రైతుకు కెమెరా ఎందుకని ఊరు నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. కల్లు తాగను, పేకాడను, జెండా పట్టుకుని ఎవరి వెనకా తిరగను. తోట పని అయ్యాక కెమెరా మెడలో వేసుకుని చుట్టుపక్కలే తిరిగేవాణ్ణి. ద్రాక్షాకు మీద మైలతుత్తం ఎండిన నీలి మరకలు, మోటారు మీద తుప్పు, పుట్ట మీద మొదటి వాన చినుకుల గుంటలు, ఇవీ నేను తీసేవి. సాలెగూడు కనబడాలని మందు కొట్టే పంపుతో దాని మీద నీళ్ళు చల్లేవాణ్ణి. ఆకాశం నల్లబడి మబ్బులు తెల్లగా ఉబ్బి రావాలని మిఠాయి పొట్లం మీది ఎర్ర కాగితం లెన్సుకు కట్టేవాణ్ణి. ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి రోలంతా పోయేది. మనుషుల ఫోటోలు పెద్దగా తీయలేదు. కెమెరా ముందు మనిషి మొహం మార్చుకుంటాడు.

వడ్ల కొట్టు కిటికీకి గోనెసంచులు బిగించి, లోపల ఎర్ర బల్బు పెట్టుకున్నాను. మేడ్చల్‌లో మూసేసిన ఒక స్టూడియో నుంచి ఫోటోలు పెద్దవి చేసే యంత్రం తెచ్చాను. నలుపు తెలుపు రోళ్ళు అక్కడే కడిగేవాణ్ణి. సున్నం, మైలతుత్తం పాళ్ళు చూసి కలిపే చేతికి డెవలపర్ కలపడం పెద్ద విద్య కాదు. రంగుల రోళ్ళు మాత్రం సుచిత్ర చౌరస్తా దగ్గర కలర్ ల్యాబ్‌లో ఇచ్చేవాణ్ణి.

ఆ ల్యాబ్‌లోనే బుల్లిబాబు తగిలాడు. కాకినాడ వైపు మనిషి. గాజులరామారంలో ఇల్లు, జీడిమెట్లలో ఒక కంపెనీలో ఉద్యోగం, నాలాగే కెమెరా పిచ్చి. ఆదివారాలు స్కూటరు మీద వచ్చేవాడు. ఇద్దరం శామీర్‌పేట చెరువు వెనక తుమ్మల్లో కూర్చుని కొంగల కోసం చూసేవాళ్ళం. కొంగ రెక్క విప్పే క్షణం కోసం గంటసేపు నోరెత్తకుండా కూర్చోగలడు. ఆ ఒక్క గుణం నాకు నచ్చింది. తెలియనివి చెప్పేవాడు, పుస్తకాలు తెచ్చిచ్చేవాడు, వాళ్ళింట్లో చేసిన పూతరేకులు తెచ్చి తృప్తికి ఇచ్చేవాడు. ఊరికే ఇచ్చేవాణ్ణి నేను నమ్మను. ఆయన్ని కూడా పూర్తిగా నమ్మలేదు.

ఆషాఢంలో వానలు పట్టాయి. పోయినవాళ్ళ పేరు మీద బియ్యం ఇచ్చే పెత్రమాస నాటికి బుచ్చమ్మకు ఏడాది నిండుతుంది. గోడకు పెట్టడానికి ఆమె ఫోటో కావాలి. పెళ్ళినాటిది తప్పితే ఇంట్లో ఉన్నది ఒక్కటే. రెండేళ్ళ కింద, ఎండాకాలంలో, కెమెరా చేతికొచ్చిన కొత్తలో తోటలో తీసింది. హద్దురాయి పక్కన కొడవలి పట్టుకుని నిలబడి ఉంటుంది. వెనక దూరంగా, తమ్ముడి తోట అవతల, ఒంటి తాటిచెట్టు.

ఆ ఫోటో జేబులో పెట్టుకుని తోటకు వెళ్ళాను. మోటారు దిమ్మె మీద కూర్చుని వెలుగులో చూశాను. ఫోటోలో రాయి తాటిచెట్టుకు కుడివైపు ఉంది. తలెత్తి చూస్తే ఎదురుగా రాయి తాటిచెట్టుకు ఎడమవైపు ఉంది.

కుడివైపు తమ్ముడి తోట. ఎడమవైపు నాది.

ఆ ఫోటో నేను మోటారు దిమ్మె మీదినుంచే తీశాను. అది నాకు బాగా గుర్తు. మర్నాడు అదే దిమ్మె మీద స్టాండు నిలబెట్టి, అదే లెన్సు వేసి తీశాను. రోలు అయ్యేదాకా ఆగకుండా సగంలోనే సుచిత్ర తీసుకుపోయి కడిగించాను. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. బుచ్చమ్మ ఎత్తు నాకు తెలుసు కాబట్టి లెక్క కట్టడం కష్టం కాలేదు. రాయి రెండంగలు జరిగింది.

తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఎండాకాలంలో బోరు వేసే లారీ అటునుంచి పోయి గట్టు చదునైంది. మళ్ళీ గట్టు వేయించింది యాదగిరి. ఆ వారమంతా నేను జ్వరంతో మంచంలో ఉన్నాను. హద్దు వెంట నా అంచు వరస తీగలకు తెగులొస్తే అంతకుముందే పీకేశాను, కొలుచుకోవడానికి మొక్క లేదు. మేడ్చల్ రోడ్డు వెంట ప్లాట్ల వెంచర్ల బోర్డులు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఎలక్షన్లు దగ్గరికొచ్చి తమ్ముడు జీపులెక్కి తిరుగుతున్నాడు. అన్నీ కలిసొచ్చాయి. అన్నీ కలిసొచ్చాయంటే ఎవరో కలిపినట్టే.

పదిహేను రోజులు ఎవరికీ చెప్పకుండా తమ్ముణ్ణి కనిపెట్టాను. పొడుగు లెన్సు వేసుకుని మోటారు గది మీద కూర్చుని యాదగిరి ఫోటోలు తీశాను. ముప్పై ఆరు ఫోటోల రోలు. ఒకదాంట్లో గడ్డి కోస్తున్నాడు, ఒకదాంట్లో బీడీ ముట్టిస్తున్నాడు, ఒకదాంట్లో గట్టు మీద కూర్చుని కాలి ముల్లు తీసుకుంటున్నాడు. ఒక్క దాంట్లోనూ తప్పు చేస్తూ దొరకలేదు. అంత జాగ్రత్తగా ఉన్నాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం చేసుకున్నాను.

రెండు ఫోటోలూ ముందు బుల్లిబాబుకే చూపించాను. చెరువు దగ్గర, కొంగలు రాని ఒక ఆదివారం. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

“రెండూ ఒక్కచోటు నుంచే తీశారాండీ?”

మోటారు దిమ్మె మీదినుంచేనని చెప్పాను.

“అలా అని మీకు గుర్తు. కాదనను. కానీ మనిషి రెండంగలు పక్కకి జరిగినా దగ్గరున్న రాయి ఇలాగే జరిగినట్టు కనిపిస్తుందండీ. ఆ రోజు తీసిన మిగతా నెగెటివ్‌లు ఉంటే ఒకసారి చూడండి సిద్దయ్యగారూ. ఒక్క ఫోటో పట్టుకుని తోడబుట్టినవాణ్ణి అనకండి.”

నేను ఫోటోలు తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. నా తమ్ముడు ఎట్లాంటివాడో గాజులరామారం నుంచి వచ్చినాయన నాకు చెబుతున్నాడు. ఆ తర్వాతి వారం పొడుగు లెన్సులో నాకు కనబడింది చెబుతాను. గట్టు మీద యాదగిరి, పక్కన బుల్లిబాబు, ఆయన స్కూటరు. యాదగిరి చెయ్యెత్తి తోట చివరికి చూపిస్తున్నాడు. తర్వాత అడిగితే నన్ను వెతుక్కుంటూ వచ్చానని, మీ తమ్ముడు దారి చూపించాడని అన్నాడు. ప్లాటు కోసం కాకపోతే ఇంతదూరం కొంగల కోసం ఎవరొస్తారు? ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన స్కూటరు తిప్పుకుని పోయాడు. మళ్ళీ ఆదివారం రాలేదు.

శ్రావణంలో ఒక పొద్దున, వాన తెరిపి ఇచ్చాక, వాకిట్లో మంచం మీద యాదగిరి కూర్చుని ఉండగా రెండు ఫోటోలూ అతని ముందు పెట్టాను. అతను బుచ్చమ్మ ఉన్నది ముందు తీసుకున్నాడు.

“వదిన మంచిగ పడ్డది” అన్నాడు.

“వదినను కాదు, రాయిని సూడు. అప్పుడేడున్నది, ఇప్పుడేడున్నది.”

అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పట్టినట్టు నటించాడని అప్పుడు నేననుకున్నాను. అర్థమయ్యాక నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. తను జరపలేదన్నాడు. కొమరెల్లి మల్లన్న మీద ఒట్టు పెట్టాడు. ఒట్లు నాకక్కర్లేదని, కెమెరా ఎవరి పక్షమూ మాట్లాడదని చెప్పాను. మండల సర్వేయరును పిలిచి కొలిపిద్దామన్నాడు. సర్వేయరు జీపులెక్కి తిరిగేవాళ్ళకే కొలుస్తాడని చెప్పాను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గోడల మీదుగా చూస్తున్నారు. చూడనీ అని గొంతు ఇంకా పెంచాను. దొంగ అన్నాను. అన్నం పెట్టే చేత్తోనే గట్టు తవ్వారన్నాను.

అన్నం మాట రాగానే లక్ష్మీకాంతమ్మ గడప దాటి బయటికొచ్చింది. పెళ్ళై వచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఆమె నా మొహం చూసి మాట్లాడింది లేదు. ఏదైనా తలుపు చాటునుంచే. ఆ రోజు వాకిట్లోకి వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

“బావా, అక్కను గూడ గిట్లనే సూసినవు. యాడికి పోయినవు, ఎవలతోని మాట్లాడినవు అని రోజు అడుగుతుంటివి. కడుపుల నొస్తాందని ఆమె నీకు చెప్పలే, నాకు చెప్పింది. బావకు చెప్దాం పా అన్న. వద్దు సెల్లె, తల్లిగారింటికి పోనీకి దొంగ నొప్పి అంటడు అన్నది. కండ్లు పచ్చగైనంక గదా నీకు ఎరుకైంది.”

“నువ్వు లోపటికి నడు” అని యాదగిరి ఆమెను కసిరాడు. ఆమె వెళ్ళలేదు. తృప్తి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో సగం అల్లిన జడ. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

యాదగిరి గడ్డపార తీసుకుని తోట వైపు నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అతను హద్దురాయి చుట్టూ తవ్వి, పెకలించి, ఒక్కడే రొమ్ముకు ఆనించుకుని లేపాడు. తన తోటలోకి రెండంగలు వేసి, అక్కడ గుంత తీసి పాతాడు. చుట్టూ మట్టి కాలితో తొక్కాడు.

“సరేనా అన్నా? ఇంగో రెండంగలు గావాల్నన్నా తీస్కో. వాకిట్ల మాత్రం అడ్డం పెట్టకు. పొల్ల రెండు దిక్కుల తిరుగుతాంది.”

తప్పు చేయనివాడు రాయి పీకి ఇవ్వడు కదా అని ఆ సాయంత్రం కల్లు దుకాణం దగ్గర నలుగురిలో చెప్పాను. తాగనివాణ్ణి ఆ మాట చెప్పడానికే అక్కడికి వెళ్ళాను. మర్నాడు తోటలో తీగల పందిరికి పాతగా మిగిలిన రాతి కడీలు బండి మీద వేయించుకొచ్చి వాకిట్లో నడుమ వరసగా పాతించాను. అటు అన్నం తినొద్దని తృప్తికి చెప్పాను. అన్నం నేనే వండాను. ఆమె తిన్నది. జడ తనే వేసుకున్నది. వంకరగా వచ్చేది.

ఒకరోజు కూర మాడితే, ఇటు తినే అన్నానికి అటు రుచి ఎందుకొస్తుందిలే అని నేను తిట్టుకుంటూ ఉంటే, ఆ పిల్ల ఒక మాట అడిగింది. “బాపూ, అమ్మ నిజంగనే నీకు చెప్పలేదా?” నేను గిన్నె తోముకోమన్నాను.

భాద్రపదం చివరికొచ్చింది. పెత్రమాస ఇంకా నాలుగు రోజులుందనగా ఫోటో పనికి కూర్చున్నాను. బుచ్చమ్మ ఫోటో ల్యాబ్‌లో పెద్దది చేయించడం నాకిష్టం లేదు. నేనే వేయాలనుకున్నాను. రంగుల నెగెటివ్‌ను నలుపు తెలుపు కాగితం మీద వేస్తే బొమ్మ మసకగా వస్తుంది. వెలుగు ఎక్కువసేపు ఇవ్వాలి. ఎంతసేపో ముందు చిన్న ముక్కల మీద వేసి చూసుకోవాలి. పాత నెగెటివ్‌లన్నీ మిఠాయి డబ్బాలో ఉండేవి. ఆ రోజుది వెతికి తీశాను. నాలుగు బొమ్మల ముక్క. మొదటి రెండూ తోట, తర్వాతి రెండూ బుచ్చమ్మ.

రెండున్నాయని నాకు గుర్తే లేదు. అప్పట్లో ల్యాబ్‌లో రోలిచ్చినప్పుడు అందరం ఒకటే చెప్పేవాళ్ళం, కళ్ళు మూసుకున్నవి, కదిలినవి వేయొద్దని. వాళ్ళు మంచిది చూసి ఒక్కటే వేసి ఇచ్చారు. ఇంకోదాన్ని నేనెప్పుడూ ఫోటోగా చూడలేదు.

మధ్యాహ్నం పూట. కొట్టులో ఎర్ర బల్బు తప్ప వెలుగు లేదు. ముక్క మొత్తాన్ని కాగితం మీద పరిచి, పైన అద్దం పెట్టి వెలుగు ఇచ్చాను. అమ్మ ఫోటో వేస్తున్నానని తృప్తిని కూడా పిలిచాను. ఏ ఫోటో గోడకు పెట్టాలో కూతురు చెబితే బాగుంటుందనిపించింది. ఇన్నాళ్ళ తర్వాత ఆమె నా పక్కన వచ్చి నిలబడింది. కాగితం డెవలపర్ తొట్టెలో వేశాను. ముందు తాటిచెట్టు కనబడింది. తర్వాత రాయి. తర్వాత చీర అంచు. ఆఖరున మొహం.

తృప్తి వంగి చూసింది.

“గిందుల అమ్మ కండ్లు మూసుకున్నది” అంది.

“అవును. అది పనికిరాదు.”

ఆమె ఇంకా వంగింది. కాగితాన్ని బొమ్మ నల్లబడకుండా ఆపే హైపోలోకి మార్చడం మరిచిపోయి నేనూ చూస్తున్నాను.

“బాపూ, రాయి రెండు తీర్ల ఉన్నదేంది?”

కళ్ళు మూసుకున్న దాంట్లో రాయి తాటిచెట్టుకు ఎడమవైపు ఉంది. కళ్ళు తెరిచిన దాంట్లో కుడివైపు ఉంది. నడుమ నిమిషం కూడా తేడా ఉండదు. అదే చీర, అదే కొడవలి, అదే ఎండ.

“తడి కాగితం. సాగింది” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఎర్ర వెలుగులో మొహం సరిగ్గా తెలియలేదు. కాగితం ఎక్కువసేపు తొట్టెలో ఉండిపోయి నల్లబడుతోంది. ఆమె పట్టకారతో దాన్ని తీసి హైపోలో వేసింది. తర్వాత తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళింది. నా దగ్గర పని నేర్చినట్టే, తలుపు తెరిచే ముందు మిగిలిన కాగితాల పెట్టె మూసి వెళ్ళింది.

సాయంత్రం తోటకు వెళ్ళాను. మోటారు దిమ్మె మీద నిలబడ్డాను. యాదగిరి రాయి పీకిన గుంతలో అప్పటికి గడ్డి మొలిచింది. అక్కడినుంచి చూస్తే గుంత తాటిచెట్టుకు ఎడమవైపు ఉంది. కళ్ళు మూసుకున్న ఫోటోలో ఉన్నట్టే. దిమ్మె దిగి ఎడమ పక్కకు ఒక అంగ వేశాను. ఇంకో అంగ వేశాను. గుంత తాటిచెట్టు దాటి కుడివైపుకు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిది తీశాక బుచ్చమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఎండ కండ్లల్ల గొడ్తాంది, జర గా పక్కకు నిలవడరాదు” అన్నది. నేను దిగి రెండంగలు పక్కకు జరిగి రెండోది తీశాను. ఆమె అడిగితే నేను చేసిన పనులు తక్కువ. అందుకే మరిచిపోయి ఉంటాను.

ఇంక విడమరిచి చెప్పాల్సిన పని లేదు. రాయి జరగలేదు. జరిగింది నేను. యాదగిరి తన తోటలోంచి రెండంగలు నాకు ఇచ్చాడు, నాది కానిది నేను తీసుకున్నాను. ఇంటికి పోయి ఒక్క మాట చెబితే అయిపోయేది. గడ్డపార ఇంకా వాళ్ళ గోడకే ఆనించి ఉంది.

కానీ ఆ రోజు వాకిట్లో రెండు మాటలు పడ్డాయి. ఒకటి నేనన్నది, ఒకటి లక్ష్మీకాంతమ్మ అన్నది. నాది తప్పని ఒప్పుకుంటే ఆమెది నిజమని ఒప్పుకున్నట్టే. రాయి వెనక్కి ఇవ్వగలను. ఆ రెండోది ఎట్లా ఒప్పుకుంటాను?

ఆ తడి కాగితాన్ని ఆరబెట్టి వడ్ల బస్తాల వెనక దాచాను. మర్నాడు చూస్తే కొంచెం పక్కకు జరిగినట్టు అనిపించింది. తృప్తి తీసి చూసిందేమో. తీసి వాళ్ళకు చూపించిందేమో. పొద్దున్నే లేచి లక్ష్మీకాంతమ్మ మొహం కనిపెట్టి చూశాను. వాకిలి ఊడుస్తోంది, ఎప్పటిలాగే కడీల దాకా ఊడ్చి ఆపింది. యాదగిరి మొహం కనిపెట్టి చూశాను. ఎలక్షన్ల తిరుగుడు అయిపోయి, తీగలు కత్తిరించడానికి కూలీలను మాట్లాడుతున్నాడు. మూడు రోజులు చూశాను. వాళ్ళకు తెలియదు. పిల్ల చెప్పలేదు. నాలుగో రోజు అర్థమైంది. చెప్పాల్సింది నేనని ఆగింది.

పెత్రమాస నాడు కళ్ళు తెరిచి ఉన్న ఫోటోనే గోడకు పెట్టాను. బియ్యం ఇచ్చాను. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలు. తృప్తి కడీల నడుమనుంచి అటు వెళ్ళి, తంగేడు పూలు పేర్చి, చిన్నమ్మతో కలిసి ఆడుకుని వచ్చింది. నేను ఆపలేదు. తొమ్మిది రోజులూ వెళ్ళింది. రోజూ తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఎదురుగా ఒక్క నిమిషం నిలబడేది. నేను లెన్సు తుడుచుకుంటూ కూర్చునేవాణ్ణి. తుడిచిన లెన్సే మళ్ళీ తుడిచేవాణ్ణి.

దసరా పొద్దున పాలపిట్టను చూడాలని ఊరంతా పొలాల మీదికి పోతుంది. నేను కెమెరాతో పోయాను. కరెంటు తీగ మీద ఒకటి కూర్చుని ఉంది. దగ్గరికి పోయేదాకా ఎగరలేదు. రెక్క విప్పింది, నీలం రంగంతా కనబడింది. నేను మీట నొక్కలేదు. వేలు మీట మీదే ఉంది. ఎందుకు నొక్కలేదో తెలియదు.

సాయంత్రం జమ్మి ఆకు పంచుకునే వేళ. మా వైపు ఆ ఆకును బంగారం అంటారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. ఏడాదంతా మాట్లాడుకోనివాళ్ళు కూడా ఆ పూట కాదనరు. యాదగిరి కడీలు దాటి వచ్చాడు. వెనక లక్ష్మీకాంతమ్మ. తృప్తి మా గడపలో నిలబడి ఉంది.

“బంగారం తీస్కో అన్నా” అన్నాడు.

చెయ్యి చాపాను. ఆకు పెట్టి నా కాళ్ళకు మొక్కి లేచాడు. కళ్ళలోకి చూశాడు.

“గట్టు సంగతి మనసుల వెట్టుకోకు. నేను ఎన్నడో మరిచిన. గా దినం మా ఇంటామె ఏదో అన్నది, పెద్దోనివి, కడుపుల వెట్టుకో.”

లక్ష్మీకాంతమ్మ కొంగు సర్దుకుని వంగి నా పాదాల ముందు నేల తాకింది. ఆమె చేతిలోనూ ఆకు ఉంది. పక్కన గడపలోంచి నా కూతురు నన్ను చూస్తోంది. అంత సేపు, అంత సూటిగా ఆమె నన్నెప్పుడూ చూడలేదు.

“సల్లగుండుండ్రి” అన్నాను.

అంతే అన్నాను.

తృప్తి గడప దిగింది. తన చేతిలోని ఆకు ముందు యాదగిరికి ఇచ్చి మొక్కింది. తర్వాత చిన్నమ్మకు. తర్వాత నాకు. నాకు మొక్కేటప్పుడు ఆమె వేళ్ళు నా పాదాలకు తగల్లేదు. ఆ రాత్రి అన్నానికి రాలేదు. మర్నాడు పొద్దున వచ్చి పుస్తకాల సంచీ, రెండు జతల బట్టలు తీసుకుంది. చిన్నమ్మ దగ్గర చదువు బాగా సాగుతుందని చెప్పింది. నేను సరేనన్నాను. యాదగిరి వచ్చి, నాలుగు రోజులుంటే అదే వస్తది అన్నా, పరేషాన్ గాకు అన్నాడు. అతనికి ఏమీ తెలియదు. ఈ రోజుకీ తెలియదు.

ఆమె రాలేదు. అటే చదువుకుంది, అటే పెద్దదైంది. రెండువేల ఆరులో తోటలు వెంచరుకు పోయాయి. రాయి ఉన్నచోటి నుంచే కొలిచారు. యాదగిరి పక్కనే నిలబడి టేపు పట్టుకున్నాడు. ఆ తర్వాతి ఏడు తృప్తి పెళ్ళి మేడ్చల్‌లో చేశాం. అల్లుడి కాళ్ళు కడిగింది యాదగిరి, లక్ష్మీకాంతమ్మ. భార్య లేనివాడు కన్యాదానం చేయరాదు కదా అని ఊళ్ళో అందరూ అనుకున్నారు. నేనూ అదే చెప్పాను.

అప్పగింతలయ్యాక కారెక్కే ముందు తృప్తి నా దగ్గరికొచ్చింది. చుట్టూ మనుషులున్నారు. చెవి దగ్గర మెల్లగా అడిగింది.

“బాపూ, నేను పోతున్న. ఒక్కసారి చిన్నబాపుకు చెప్తవా?”

కారు డ్రైవరు హారను కొట్టాడు. దారిలో లారీలు ఎక్కువ, జల్దీ బయల్దేరమని చెప్పాను. ఆమె తల ఊపింది. వెళ్ళి వాళ్ళ చిన్నబాపు మెడ పట్టుకుని ఏడ్చింది.

బుల్లిబాబు ఒకసారి సుచిత్రలో కనబడ్డాడు. ఇప్పుడు రోళ్ళు లేవు కదండీ, మీరు కొత్త కెమెరా కొన్నారా అని అడిగాడు. కొనలేదన్నాను. ఆ ఫోటోల సంగతి ఏమైందని అడగబోయాడు. బస్సు వచ్చిందని ఎక్కేశాను. అది నా బస్సు కాదు.

మా తమ్ముడు రాయి జరిపాడని నేను ఊరికి చెప్పాను. ఊరు నమ్మింది. ఆ మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోను. ఎవరడిగినా ఇక దీని గురించి నా నోట ఒక్క ముక్క రాదు.